నీళ్లు తాగే ముందు ఆరు పేర్లు

అనగనగా ఒక ఎడారి. ఆ ఎడారి నడుమ పసుపురాతి కోట. దాని పేరు పీలాగఢ్. ఆ కోటలో ఒక రాజు. ఆయన పేరు జైత్‌సింగ్. ఆయన తండ్రి పేరు జైత్‌సింగ్. తాత పేరు జైత్‌సింగ్. ముత్తాత పేరు మీరే చెప్పండి. అవును, జైత్‌సింగే. అలా ఆరు తరాల రాజపుత్ర రాజులు, ఆరుగురికీ ఒకటే పేరు.

మరి ఏ జైత్‌సింగ్ ఎవరో తెలిసేదెలా? వేరే రాజ్యాల్లో అయితే ఏనుగును చంపినవాడనీ, శత్రువును గెలిచినవాడనీ బిరుదులు తగిలిస్తారు. పీలాగఢ్‌లో అలా కాదు. అక్కడ రాజుకు ఎవరు మేలు చేస్తే వాళ్ల సంగతే రాజు పేరుకు ముందు చేరుతుంది. మొదటి రాజు యుద్ధంలో గాయపడి ఇసుకలో పడిపోతే ఒక ఒంటె ఆయన్ను కోట దాకా మోసుకొచ్చింది. ఆయన 'ఒంటె మోసిన జైత్‌సింగ్'. రెండో రాజు దాహంతో సొమ్మసిల్లితే ఒక కుమ్మరి అవ్వ తన కుండలో మిగిలిన నీళ్లన్నీ ఆయన గొంతులో పోసింది. ఆయన 'అవ్వ నీళ్లు పోసిన జైత్‌సింగ్'. మూడో రాజు వరదలో కొట్టుకుపోతుంటే కొంగల గుంపు తలపాగా పట్టుకుని ఒడ్డుకు లాగింది. ఆయన 'కొంగలు గట్టెక్కించిన జైత్‌సింగ్'. నాలుగో ఆయన 'ఎలుక కట్లు కొరికిన జైత్‌సింగ్'. అయిదో ఆయన 'గొర్రెల కాపరి దాచిన జైత్‌సింగ్'.

పీలాగఢ్‌లో పుట్టిన ప్రతివాళ్లూ పొద్దున్నే మొదటి గుక్క నీళ్లు తాగే ముందు ఈ పేర్లన్నీ చెప్పుకోవాలి. రాజుకు ఒక దణ్ణం, మేలు చేసినవారికి రెండు దణ్ణాలు. "ఒంటె మోసిన జైత్‌సింగ్‌కు ఒక దణ్ణం, మోసిన ఒంటెకు రెండు దణ్ణాలు." ఇలా అన్నీ అయ్యాకే చెంబు ఎత్తాలి. ఎడారి కదా, నీటి విలువ వాళ్లకు బాగా తెలుసు.

ఇక ఆరో రాజు. ఇప్పుడు ఏలుతున్న రాజు. ఆయన పేరు 'తనంతట తానే గెలిచిన జైత్‌సింగ్'.

ఆయన కొడుకుకు పద్దెనిమిదేళ్లు. ఆ వంశంలో రాకుమారుడికి పుట్టగానే పేరు పెట్టరు. పద్దెనిమిదేళ్లు నిండాక తలపాగా చుట్టి, అప్పుడు పేరు పెడతారు. అప్పటిదాకా అందరూ లాల్‌జీ అనే పిలుస్తారు. లాల్‌జీ అంటే అక్కడ బుజ్జిబాబు అన్నట్టు. ఆరడుగుల పొడవు పెరిగినా అతను బుజ్జిబాబే.

లాల్‌జీకి చిన్నప్పటినుంచీ ఒక అనుమానం. వంశకథలు చెప్పే ముసలాయన దేవీదాన్‌ను ఒకసారి అడిగాడు.

"తాతా, అయిదుగురు రాజులకూ ఒక దణ్ణం, రెండు దణ్ణాలు. మా నాన్నకు మాత్రం ఒకటే దణ్ణం. ఆ రెండు ఎవరికి పెట్టాలి?"

దేవీదాన్ గొంతు సవరించుకున్నాడు. "మీ నాన్నగారు ఎవరి సాయమూ లేకుండా గెలిచారట, నాయనా."

"అట అంటావేం?"

"నేను చూడలేదు కదా! ఆయన చెప్పారు, నేను పాడుతున్నాను. ముందు నీళ్లు తాగు, ఎండ పడుతోంది."

అదీ సంగతి. మరి కొన్నాళ్లకు లాల్‌జీ తలపాగా పండుగ వచ్చింది. రేపు పండుగ అనగా ఈ రోజు పొద్దున కొలువులోకి ఒక సుడిగాలి వచ్చింది. అది ఆగిన చోట ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఒళ్లంతా ఇసుక రంగు, కళ్లు కూడా ఇసుక రంగే. అతను ధూళినాథుడనే మాంత్రికుడు.

"రాజా! మీ కోటలో తియ్యబావి ఉందట. నూరు ఊళ్లకు అదొక్కటే మంచినీళ్లట. అది నాకు కావాలి," అన్నాడు.

"నూరు ఊళ్లు ఏం తాగాలి?" అన్నాడు రాజు.

"ఇసుక తాగమను. నాకేం?"

రాజు కత్తి మీద చెయ్యి వేశాడు. "పో అవతలికి! నేనెవరో తెలుసా? తనంతట తానే గెలిచిన జైత్‌సింగ్‌ను!"

ధూళినాథుడు పకపకా నవ్వాడు. "పేరు నువ్వే చెప్పావు, మంచిది." గుప్పెడు ఇసుక తీసి విసిరి, "జైత్‌సింగ్!" అని ఒక్క అరుపు అరిచాడు.

అంతే! రాజు ఉన్నవాడు ఉన్నట్టే రాయి అయిపోయాడు. రాజు ఒక్కడే కాదు. తమ రాజుల మీద ప్రేమతో పీలాగఢ్ జనం చాలామంది తమ పిల్లలకు ఆ పేరే పెట్టుకున్నారు. కుమ్మరి జైత్‌సింగ్ సారె మీద చేతులు పెట్టి రాయి అయ్యాడు. ఒంటెల జైత్‌సింగ్ పాలు పితుకుతూ రాయి అయ్యాడు. కోటలో అరవై మంది, నూరు ఊళ్లలో మూడు వందల యాభై రెండు మంది. మొత్తం నాలుగు వందల పన్నెండు. వాళ్లలో ఒకడు తొమ్మిది రోజుల పసివాడు, ఉయ్యాలలోనే రాయి అయ్యాడు. వాడి తల్లికి ఉయ్యాల ఊపాలంటే రెండు చేతులూ చాలలేదు, అంత బరువు.

ధూళినాథుడు రాతిరాజు గడ్డం పట్టుకుని ఊపాడు. "నీ అంతట నువ్వే గెలిచినవాడివి కదా! నీ అంతట నువ్వే లే చూద్దాం! వినండి జనులారా! నలభై రోజులు గాలి వీస్తుంది. నలభయ్యో రోజు పొద్దు గుంకేసరికి మీ రాళ్లన్నీ ఇసుక. బావి నాది. నన్ను చంపుదామనుకుంటున్నారేమో, నా ప్రాణం ఇక్కడ లేదు. ఏడు సముద్రాల అవతల, ఏడు తలుపుల వెనక, ఒక చిలకలో ఉంది. వెళ్లి తెచ్చుకోండి!" అని సుడిగాలి అయి మాయమయ్యాడు.

లాల్‌జీకి ఇంకా పేరు పెట్టలేదు కనుక అతనికేమీ కాలేదు. తండ్రి రాతిపాదాలకు దణ్ణం పెట్టి, తల్లి దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, నేను బయల్దేరుతున్నాను."

రాణి ఏడవలేదు. రేపటి పండుగ కోసం సిద్ధం చేసిన తలపాగా గుడ్డ తెచ్చింది. ఇరవై ఒక్క మూరల ఎర్రబట్ట. దాన్ని కొడుకు తలకు చుట్టింది. పేరు మాత్రం పెట్టలేదు. చేతిలో రాగి చెంబు పెట్టి, "ఎంత దాహమైనా ముందు పేర్లు, తరవాత నీళ్లు. మరిచిపోకు," అంది.

లాల్‌జీ గుర్రం ఎక్కి ఎడారిలోకి వెళ్లాడు. రెండో రోజు గుర్రం కుంటింది. దాన్ని ఒక ఊళ్లో విడిచిపెట్టి నడక సాగించాడు. మూడో రోజు పొద్దున్న చెంబులో గుక్కెడు నీళ్లు మిగిలాయి. నాలిక అంగిలికి అంటుకుపోతోంది. అయినా కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు.

"ఒంటె మోసిన జైత్‌సింగ్‌కు ఒక దణ్ణం, మోసిన ఒంటెకు రెండు దణ్ణాలు..."

"ఎవరయ్యా అది, మా ముత్తవ్వను పొద్దున్నే తలుచుకుంటున్నది?" అని ఎవరో అన్నారు.

కళ్లు తెరిచి చూస్తే, పెదవులు వేలాడేసుకుని ముసలి ఆడ ఒంటె నిలబడి ఉంది.

"మీ ముత్తవ్వా?" అన్నాడు లాల్‌జీ.

"మరి? రాజును మోసింది ఆవిడే. చాలా బరువుగా ఉన్నాడని చచ్చేదాకా చెప్పుకుంది. ఆరు తరాల తరవాత కూడా దణ్ణం పెడుతున్నారని తెలిస్తే బతికి లేచి వచ్చేది. ఎక్కు. ఎక్కడికి?"

"సముద్రానికి."

"నాకు నీళ్లంటే పడదు. ఒడ్డు దాకా అయితే వస్తాను," అని మోకాళ్లు వంచింది.

తొమ్మిదో రోజు సాయంత్రానికి ఒడ్డుకు చేరారు. పదో రోజు పొద్దున్న లాల్‌జీ మళ్లీ చెంబు పట్టుకుని పేర్లు చెప్పుకున్నాడు. "కొంగలు గట్టెక్కించిన జైత్‌సింగ్‌కు ఒక దణ్ణం, గట్టెక్కించిన కొంగలకు రెండు దణ్ణాలు" అన్నాడో లేదో, ఇసుకలో ఒంటికాలి మీద నిలబడ్డ ఏడు కొంగలు మెడలు తిప్పి చూశాయి.

"మనల్నేనా?" అంది ఒకటి.

"మనల్నే. రెండు దణ్ణాలట," అంది రెండోది.

"ఏడుగురం ఉన్నాం, రెండెలా పంచుకుంటాం?" అంది మూడోది.

లాల్‌జీ నవ్వి పద్నాలుగు దణ్ణాలు పెట్టాడు. కొంగలకు సంతోషమైంది. అతని తలపాగా విప్పి, ఉయ్యాలలా పరిచి, అంచులు ముక్కులతో పట్టుకుని ఎగిరాయి. సముద్రానికి రెండు రోజుల చొప్పున ఏడు సముద్రాలు దాటాయి. ఏడు రెళ్లు పద్నాలుగు. తొమ్మిదీ పద్నాలుగూ ఇరవై మూడు. ఇరవై నాలుగో రోజు పొద్దున్న లాల్‌జీ మాంత్రికుడి దీవిలో దిగాడు. మిగిలినవి పదిహేడు రోజులు.

దీవి అంతా ఇసుక. నడుమ ఒక ఇసుక మేడ. వాకిట్లో ఒక అమ్మాయి కూర్చుని బొగ్గుతో గోడ మీద గీత గీస్తోంది. లాల్‌జీని చూసి ఉలిక్కిపడింది.

"ఎవరు నువ్వు? గొంతు తగ్గించి చెప్పు. పేరు మాత్రం చెప్పకు!"

"చెప్పడానికి పేరు లేదు. అందరూ లాల్‌జీ అంటారు."

"ఇంత పొడుగు లాల్‌జీని నేనెక్కడా చూడలేదు," అంది ఆ అమ్మాయి. ఆమె నీల్‌గఢ్ రాకుమారి కేసర్. ధూళినాథుడు ఎత్తుకొచ్చి ఆ రోజుకు రెండు వందల పదకొండు రోజులు. ఆమె పేరు అతనికి తెలుసు కనుక పారిపోవడానికి వీల్లేదు, పిలిస్తే రాయి అయిపోతుంది. "నా పని చిలకకు రోజుకు ఏడు పచ్చిమిరపకాయలు పెట్టడం. గోడకున్న చిన్న రంధ్రంలోంచి కర్రకు గుచ్చి అందిస్తాను. లోపలికి ఏడు తలుపులున్నాయి. తలుపులకు తోలు తాళ్లు కట్టాడు. వాటిని ఏ కత్తీ కొయ్యలేదు."

ఆమె మాట ముగిసేలోపే సుడిగాలి వచ్చి వాకిట్లో దిగింది.

"ఎవడురా నువ్వు?" అన్నాడు ధూళినాథుడు. తలపాగా చూశాడు, పోల్చుకున్నాడు. గుప్పెడు ఇసుక తీశాడు. "జైత్‌సింగ్!"

లాల్‌జీ కదలకుండా నిలబడ్డాడు. ఏమీ కాలేదు.

"లాల్‌జీ!" అని అరిచాడు మాంత్రికుడు. ఏమీ కాలేదు. అది పేరు కాదు కదా! ఒంట్లో ప్రాణం లేనివాడికి కత్తి ఎత్తే బలం ఉండదు. ధూళినాథుడి బలమంతా ఎదుటివారి పేరులోనే ఉంది. అతను జుట్టు పీక్కున్నాడు.

"నీకు పేరెందుకు లేదురా?"

"ఇంకా పెట్టలేదండి," అన్నాడు లాల్‌జీ వినయంగా.

"అయితే నేనే పెడతా! ఇప్పుడే పెడతా!"

కేసర్ కంగారుపడినట్టు చేతులు అడ్డం పెట్టింది. "అయ్యయ్యో, రాజపుత్రుడికి అలా పేరు పెట్టేస్తే అంటుకుంటుందా? పద్ధతిగా మూడు పనులు జరగాలి. మా అన్నలకు జరిగినప్పుడు చూశాను. ఒకటి, ఏడు సముద్రాల నీళ్లు ఏడు చెంబుల్లో. రెండు, అయిదు ఊళ్ల గోధుమలతో లడ్డూలు. ఆ గోధుమలు అడిగి తేవాలి, దొంగిలిస్తే చెల్లవు. మూడోది ఆయన్నే అడగండి."

లాల్‌జీ ఆమె కళ్లలోకి చూసి అర్థం చేసుకున్నాడు. "మూడోది, పేరు పెట్టేవాళ్లు మా ఆరుగురు రాజుల పేర్లూ దణ్ణాలూ తప్పు లేకుండా చెప్పాలండి."

"ఓస్, అంతేనా!" అని మాంత్రికుడు సుడిగాలి ఎక్కి మొదటి సముద్రానికి పోయాడు.

అతను పోగానే లాల్‌జీ చెంబు తీసి పేర్లు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజు నీళ్లింకా తాగలేదు మరి. "ఎలుక కట్లు కొరికిన జైత్‌సింగ్‌కు ఒక దణ్ణం, కొరికిన ఎలుకకు రెండు దణ్ణాలు."

గోడ మూలనుంచి మీసాలు కదిలాయి. "మీరు పీలాగఢ్ వాళ్లా?" అంది ఒక ఎలుక. "మా తాతకు తాత ఓడలో గోధుమ బస్తా ఎక్కి ఇక్కడికి వచ్చాడు. మా ఇంటిపేరు అప్పుడూ ఇప్పుడూ 'కట్లు కొరికినవారు'. ఏం కొరకాలో చెప్పండి."

"ఏడు తలుపుల తోలు తాళ్లు. తరవాత పంజరం తాడు," అంది కేసర్.

ఎలుక వెళ్లి ఒక తాడు రుచి చూసి వచ్చింది. "తలుపుకు రెండు రోజులు. పంజరానికి ఇంకో రెండు."

కేసర్ వేళ్లు మడవలేదు, నోటితోనే చెప్పింది. "పద్నాలుగూ రెండూ పదహారు. పదిహేడో రోజు పొద్దున్న చిలక మన చేతిలో. అదే నలభయ్యో రోజు. ఒక్క రోజు తప్పినా అంతే సంగతులు."

"తప్పదు," అంది ఎలుక, పళ్లు నూరుకుంటూ.

ధూళినాథుడు సముద్రానికి ఒక రోజు చొప్పున ఏడు రోజుల్లో ఏడు చెంబులు తెచ్చాడు. ఆపైన గోధుమలకు బయల్దేరాడు. అడిగి తేవాలి కదా, అతన్ని చూడగానే జనం గింజలే కాదు, చెప్పులు కూడా వదిలేసి పారిపోయేవారు. వెంటపడి అడిగి తెచ్చేసరికి ఊరికి ఒక రోజు చొప్పున అయిదు రోజులు పట్టింది. ఏడూ అయిదూ పన్నెండు. మిగిలిన అయిదు రోజులూ మూడో పనికి.

"చెప్పు, నీ వెనకే అంటాను," అన్నాడు మాంత్రికుడు, లాల్‌జీ ముందు కూర్చుని.

"ఒంటె మోసిన జైత్‌సింగ్‌కు ఒక దణ్ణం."

"ఒంటె మోసిన జైత్‌సింగ్‌కు ఒక దణ్ణం."

"మోసిన ఒంటెకు రెండు దణ్ణాలు."

"మోసిన ఒంటెకు రెండు ద... ద... రెండు దెబ్బలు!"

"దెబ్బలు కాదండి, దణ్ణాలు."

"అదేరా! రెండు ద... దొ... ఛీ!" జన్మలో ఎవరికీ దణ్ణం పెట్టినవాడు కాదు. అతని నాలిక ఆ మాట దగ్గరికి వచ్చి ముడిపడిపోయేది. అయిదు రోజులూ అదే తంతు. కేసర్ లడ్డూలు చుడుతూ నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకునేది. ఆ పక్కన ఎలుక కొరుకుతూనే ఉంది.

నలభయ్యో రోజు పొద్దున్న మాంత్రికుడు సముద్రం ఒడ్డుకు వెళ్లి ఒంటరిగా వల్లె వేసుకుంటున్నాడు. ఎలుక వచ్చి, "అయింది," అంది. లాల్‌జీ, కేసర్ ఏడు తలుపులూ దాటి పరిగెత్తారు. ఏడో గదిలో పంజరం తలుపు తెరిచే ఉంది. లోపల ఒక ముసలి చిలక. ఒక రెక్క కాస్త వంకర. అది బయటికి రాలేదు.

"దాని మెడ మెలితిప్పు," అంది కేసర్. "పొద్దు గుంకేదాకా ఆగే పని లేదు."

లాల్‌జీ చెయ్యి చాపాడు. అంతలో చిలక, "నీ చేతిలో ఆ రాగి చెంబు పీలాగఢ్‌ది కదూ?" అంది. "నీళ్లు తాగావా ఇవాళ?"

"లేదు."

"తాగు. పేర్లు చెప్పుకుని తాగు. వినాలని ఉంది. తరవాత నీ పని చూసుకో."

ఎందుకో లాల్‌జీకి కాదనబుద్ధి కాలేదు. గబగబా చెప్పాడు. ఒంటె, అవ్వ, కొంగలు, ఎలుక, కాపరి. ఆరోది చెప్పాడు. "తనంతట తానే గెలిచిన జైత్‌సింగ్‌కు ఒక దణ్ణం."

చిలక కళ్లు మూసుకుంది. "ఇంకా అలాగే చెబుతున్నారన్నమాట. బాబూ, మీ నాన్నకు పంతొమ్మిదేళ్లప్పుడు దళం చెదిరిపోయి ఎడారిలో మూడు రోజులు తిరిగాడు. అప్పటికే ఈ రెక్క విరిగి ఉంది. అయినా జమ్మిచెట్టు నుంచి జమ్మిచెట్టుకు ఎగురుతూ, వెనక్కి తిరిగి పిలుస్తూ, నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. ఆ నీళ్లు తాగి బలం వచ్చి, తిరిగి వెళ్లి గెలిచాడు. 'నా పేరులో నీ మాట చేరుస్తాను' అన్నాడు. కోటకు వెళ్లాక ఎవరో నవ్వారట. 'చిలక వెంట నడిచిన రాజా!' అని. ఆయనకు సిగ్గేసింది. కోటగోడ మీద మూడేళ్లు కూర్చున్నాను. ప్రతి పొద్దునా ఊరంతా పేర్లు చెప్పుకునేది. నా మాట వస్తుందేమోనని వినేదాన్ని. రాలేదు. ఎగిరి వచ్చేశాను. ఎవరూ ఒక్క దణ్ణమైనా పెట్టని గుండెలోనే ప్రాణం దాచుకోవడం కుదురుతుందట. ఆ ఇసుక మనిషి అలాంటి గుండె వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చాడు."

లాల్‌జీ చెయ్యి కిందికి జారింది.

అప్పుడే ఇసుక మేడ దడదడలాడింది. ధూళినాథుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెరిచిన తలుపులు చూశాడు. గుప్పెడు ఇసుక విసిరాడు. "కేసర్!"

కంగారులో సగం ఇసుక దారిలోనే రాలిపోవడంతో ముందు కేసర్ పాదాలే రాయి అయ్యాయి. రాయి మోకాళ్ల దాకా పాకింది. "లాల్‌జీ! మెడ తిప్పు!" అని అరిచింది.

"తిప్పు నాయనా," అంది చిలక కూడా. "నేను ముసలిదాన్ని. ఇంకో జైత్‌సింగ్‌ను కాపాడాననుకుంటాను. నీ పేరులోనైనా నా మాట పెట్టు."

ఒక పక్క నాలుగు వందల పన్నెండు మంది. ఇంకో పక్క కేసర్. లాల్‌జీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం చెయ్యాలో నాకు తెలీదు," అన్నాడు. "కానీ మొదట పెట్టాల్సిన దణ్ణం ఒకటి ఉంది. అది పెట్టకుండా నీ మీద చెయ్యి వెయ్యలేను."

తల మీది తలపాగా తీసి చిలక కాళ్ల దగ్గర పెట్టాడు. రాజపుత్రుడు తలపాగా ఇంకొకరి కాళ్ల దగ్గర పెట్టడమంటే మాటలు కాదు. చెంబులో ఉన్న గుక్కెడు నీళ్లూ తను తాగకుండా దోసిట్లో పోసి చిలకకు పట్టాడు. చేతులు జోడించి అన్నాడు. "చిలక దారి చూపిన జైత్‌సింగ్‌కు ఒక దణ్ణం. దారి చూపిన చిలకకు..."

"వద్దు! అనకు!" అని కేక పెట్టాడు మాంత్రికుడు. రాయి కేసర్ నడుము దాకా వచ్చింది.

"...దారి చూపిన చిలకకు రెండు దణ్ణాలు."

చిలక ఆ నీళ్లు తాగింది. దానికి పొలమారింది. దగ్గింది. మళ్లీ దగ్గింది. మూడోసారి దగ్గేసరికి నోట్లోంచి నల్లటి గులకరాయి ఒకటి ఊడి కిందపడి పగిలింది. ఆ గుండెలో దానికి ఇక చోటు లేదు మరి!

ధూళినాథుడు నిలబడ్డ చోట గంపెడు ఇసుక మిగిలింది. కేసర్ కాళ్లు కదిలాయి. అదే క్షణాన ఏడు సముద్రాల అవతల కుమ్మరి సారె తిరిగింది. ఒంటె పాలు చెంబులో పడ్డాయి. ఉయ్యాలలో పసివాడు కేరుమన్నాడు. వాడి తల్లి ఆ ఏడుపు వింటూ ఎంతసేపు నవ్విందో!

కేసర్ కాళ్లు తడుముకుని చూసుకుంటూ, "నేను నడుము దాకా రాయి అయిపోతుంటే నువ్వు నింపాదిగా నీళ్లు పడుతూ కూర్చున్నావు. గుర్తుపెట్టుకుంటాను," అంది.

"నా మీద కోపమా?"

"కోపమా! ఒక పక్షికి పెట్టాల్సిన దణ్ణం కూడా మరిచిపోనివాడు, నన్నెప్పుడైనా మరిచిపోతాడా అని ఆలోచిస్తున్నాను."

దీవిలోనే కాచుకున్న కొంగలు ఇద్దర్నీ, చిలకనూ, ఎలుకనూ, లడ్డూల మూటనూ ఎర్రబట్ట ఉయ్యాలలో ఎత్తుకున్నాయి. బరువు పెరిగిందని సముద్రానికి మూడు రోజులు తీసుకున్నాయి. తొందరేముంది? ఒడ్డున ఒంటె కాచుకుని ఉంది. "ఇద్దరా? ముత్తవ్వే నయం, ఒక్కణ్ణే మోసింది," అని గొణుగుతూనే మోకాళ్లు వంచింది.

కోట వాకిట్లో రాజు ఎదురొచ్చాడు. కొడుకును కౌగిలించుకోబోయి, అతని భుజం మీద చిలకను చూసి ఆగిపోయాడు. చిలకా ఆయన్ను చూసింది.

"ముసలివాడివయ్యావు," అంది చిలక.

"నువ్వూ," అన్నాడు రాజు. "నలభై రోజులు రాయినై ఉన్నాను. చూపు పోలేదు, మాట పోయింది. అన్ని రోజులూ ఒక్క మాట చెప్పాలని తపించాను. నీకే." జనమంతా చూస్తుండగా తలపాగా తీసి చిలక ముందు పెట్టాడు. "దేవీదాన్, నా పేరు మార్చి పాడు."

ముసలి దేవీదాన్ ఆరో పేరు పాడాడు. చిలక దారి చూపిన జైత్‌సింగ్‌కు ఒక దణ్ణం. దారి చూపిన చిలకకు రెండు దణ్ణాలు. నూరు ఊళ్ల జనం ఒక్కసారి చేతులు జోడించారు. ఆ చిలక రెక్కలో ముక్కు దాచుకుంది. ఏడ్చిందో నవ్విందో ఎవరికీ తెలీదు.

ఒక మంచి రోజున లాల్‌జీకీ కేసర్‌కూ పెళ్లయింది. అయిదు ఊళ్ల గోధుమల లడ్డూలు ఆనాడు చెల్లాయి. పెళ్లినాడే తలపాగా పండుగ కూడా. ఆ రోజే తండ్రి రాజ్యం అతనికి అప్పగించాడు. దేవీదాన్ అడిగాడు. "ఏడో జైత్‌సింగ్! మీకు మేలు చేసింది ఎవరు? ఎవరి మాట చేర్చమంటారు?"

కొత్త రాజు లెక్కపెట్టాడు. ఒంటె ఒకటి, కొంగలు ఏడు, ఎలుక ఒకటి, చిలక ఒకటి, కేసర్, అమ్మ. మొత్తం పన్నెండు. "వీళ్లలో ఎవరిని వదలను, తాతా?"

"అందర్నీ పాడితే పిల్లలు దాహంతో పడిపోతారు," అన్నాడు దేవీదాన్. ఒంటె మాత్రం తన పేరు ముందుండాలంది.

కొత్త రాజు జనం వైపు తిరిగాడు. "నా పేరు ముందు ఖాళీ ఉంచండి. అక్కడికి వచ్చాక ఎవరికి వాళ్లు, నిన్న తమకు మేలు చేసినవాళ్లను తలుచుకుని రెండు దణ్ణాలు పెట్టుకోండి. నేను రోజుకొకరి చొప్పున తలుచుకుంటాను. పన్నెండు రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది."

ఏడో జైత్‌సింగ్, కేసర్ రాణి ఏడేళ్లు ఏడుసార్లు, అంటే నలభై తొమ్మిదేళ్లు చల్లగా ఏలారు. తియ్యబావి ఎండలేదు. పీలాగఢ్‌లో ఈనాటికీ ఏడో పేరు దగ్గరికి రాగానే ఊరంతా ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో పక్కింటి అత్త, పాలు పోసే మామయ్య, దారిలో గొడుగు పట్టినవాళ్లు, అందరూ రాజుగారి పేరులో చేరిపోతారు.

కథ కోటకు చేరింది, నా గొంతు ఎండింది. ఆ చెంబు ఇటు అందుకోండి. ఆగండాగండి, తాగే ముందు రెండు దణ్ణాలు పెట్టాలి. ఇంతసేపు కదలకుండా విన్నారు కదా, ఇవాళ ఆ దణ్ణాలు మీకే.